నీటికీ ఓ వీరారాధన

ఆరుతడి పంటలే వేసుకోవాలట. నీళ్లు పొదుపుగా వాడుకోవాలట. ఈ వారం అధికారులు మళ్లీ సెలవిచ్చారు. కారంపూడి చుట్టూ ఎటు చూసినా మిర్చి, పత్తి. అవి ఆరుతడి పంటలేనని ఏసీ గదుల్లో ఇంకా తెలిసినట్టు లేదు.

సరే, పెద్దల మాట కాదనకూడదు. ఏటా కార్తీక అమావాస్యకు మా పల్నాటి వీరుల గుడి దగ్గర ఐదు రోజుల ఉత్సవం ఉండనే ఉంది. సాగర్ కుడి కాలువ నీటి విడుదలనూ అందులో కలిపేస్తే సరి.

తొలిరోజు రాచగావు. నీటి షెడ్యూలు కాగితానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఊరేగించాలి. నీళ్లు అక్కర్లేదు, కాగితం చాలు. మర్నాడు రాయబారం: మేజరు కాలువ చివరి రైతులు అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి. రాయబారానికి వెళ్లి విషానికి బలైన అలరాజు గతి తెలుసు కనుక అక్కడ టీ మాత్రం ముట్టకూడదు. మందపోరు నాడు చాపకూడు ఎలాగూ ఉంటుంది. ఆరుతడి ఆయకట్టులో దర్జాగా వరి నాటిన పైతూము ఆసామీ, బిందెలతో మిర్చి మొక్కలు తడుపుకునే చివరి రైతూ ఒకే చాప మీద కలిసి తినాలి. కూడు అందరిదీ, నీళ్లు పైవాడివి.

కోడిపోరుకు రిహార్సల్ 2023 నవంబర్ 30నే డ్యామ్ మీద అయిపోయింది. 26 గేట్లలో 13 ఆంధ్రా పోలీసుల చేతికి రావడం, ఆపై కేంద్ర బలగాలు దిగడం అందరూ చూశారు. పుంజులు రెండు రాష్ట్రాలవి. పల్నాటి కోడిపందెంలో ఓడినవారికి పడ్డ ఏడేళ్ల వనవాసం ఇక్కడ ఎవరు గెలిచినా రైతుకే.

కల్లిపాడు వీరులు నేలకొరిగే రోజు. దానికి ఏర్పాట్లేమీ వద్దు, మిర్చి పూత తనే రాలుతుంది. డ్రిప్ పైపుకు గుళ్లో ఓ గద్దె కట్టిస్తే ఇంకా శోభ. సబ్సిడీ పైపుకుంది, అందులో పారాల్సిన నీటికి లేదు.

ఇక చాలు. తక్కువ నీటితో పంట తీయడం ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. పూత, పిందె మీద ఉన్నప్పుడు తడి తప్పకూడదని, మిగతా రోజుల్లో కాస్త ఎండగట్టినా చేను ఓర్చుకుంటుందని మిర్చి రైతుకు నోటిలెక్క. అతనికి లేనిదల్లా తేదీ. మళ్లీ తడి ఎప్పుడో తెలియనివాడు తూములో నీళ్లు కనబడగానే చేను నిండా పెట్టేస్తాడు, రేపు ఉంటాయో లేదోనని. దాన్ని దుబారా అంటారా! కౌలు ముందే కట్టి, మందులకు అప్పుచేసి, ఆయిలింజనుతో నాగులేరు గుంటల్లో అడుగున మిగిలిన నీళ్లు తోడుకుంటున్నవాడికి పొదుపు పాఠాలా? కాలువలోకి తొలిసారి నీళ్లు వదిలింది 1967లో. చివరి పొలానికి నమ్మదగిన తేదీ ఒక్కటి చెప్పడానికి ఇన్నేళ్లు చాలలేదా? ఏ తూముకు ఏ రోజు నీళ్లో చెప్పే వారబందీ రాయండి. ఆ రోజు ఆ తూముకు నీళ్లు రాకపోతే పరిహారం ఇస్తామని కింద సంతకం పెట్టండి. దుబారా ఎవరిదో అప్పుడు తేల్చుకుందాం.