మా ఆళ్లగడ్డ డేటా సెంటర్‌కూ 99 పైసల భూమి ఇప్పించండి

ఘాటు సంగతి అందరూ చదివే ఉంటారు. విశాఖకు గూగుల్ వస్తోందని 2025 అక్టోబరు 14న ఢిల్లీలో సంతకాలయ్యాయి. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ డేటా సెంటర్. 22 వేల కోట్ల రాయితీలు ధారపోసి తెచ్చుకున్నారని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే దెప్పిపొడిచారు. దానికి మన ఐటీ మంత్రి లోకేశ్ గారు, ఆంధ్రా వంటల్లాగే మా పెట్టుబడులూ ఘాటుగానే ఉంటాయి, పొరుగువాళ్లకు అప్పుడే మంట పుడుతోందని ఎక్స్‌లో చమత్కరించారు. చమత్కారం బాగానే ఉంది. ఒక్క సవరణ ఉంది సార్. మంట నంద్యాల జిల్లాలో మాక్కూడా పుడుతోంది. మేం పొరుగువాళ్లం కాదు, ఇంటివాళ్లమే.

అయితే మేం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మాకూ డేటా సెంటర్ ఉంది. శంకుస్థాపన దశలో కాదు, నడుస్తోంది. ఆళ్లగడ్డలో మా బావ శిల్పాల షెడ్డు పక్క గదిలో, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా మేనల్లుడు పాత కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్ గేము సర్వర్ పెట్టాడు. ఊళ్లో పిల్లలు, నంద్యాలలో వాడి క్లాస్‌మేట్లు, డాలస్‌లో ఉండే మా పెద్దక్క కొడుకు అందరూ అందులోకి వచ్చి రాత్రిళ్లు గేములోనే మా జిల్లా బెలుం గుహలు తవ్వుతున్నారు. అంతర్జాతీయ కనెక్టివిటీ అంటే ఇదే కదా. గూగుల్‌లా సముద్రంలో కేబుల్ కూడా అడగలేదు.

కాబట్టి పెట్టుబడిదారుల హోదాలో మా ప్రతిపాదన ప్రభుత్వం ముందు ఉంచుతున్నాం. ముందు భూమి సంగతి. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల ధరకే ఇచ్చారు. మాకు ప్లాస్టిక్ టేబుల్ పట్టేంత చాలు. వామనుడిలా మూడడుగులే అడుగుతున్నాం, ఎవరి నెత్తిమీదా కాలు పెట్టం. ఆ లెక్కన పైసలో ఎన్నోవంతు అవుతుందో రెవెన్యూ వాళ్లు తేలిస్తే రూపాయి బిళ్ల ఇచ్చేస్తాం. చిల్లర ఉంచుకోండి.

కరెంటు 300 వాట్లు. గూగుల్‌వారిది గిగావాట్ ఆకలి. శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో ఏడు యూనిట్లూ గిర్రున తిరిగినా వచ్చేది 770 మెగావాట్లే. 2025 అక్టోబరు 16న ప్రధాని మా జిల్లాకే వచ్చి శ్రీశైలం మల్లన్నను దర్శించుకుని కర్నూలు సభకు వెళ్లారు. ఆ మల్లన్న పాదాల దగ్గర కుడిగట్టున పుట్టే కరెంటంతా తీసుకుపోయి పోసినా విశాఖ కేంద్రం కడుపు నిండదన్నమాట. మా 300 వాట్లు ఆగకుండా ఇస్తే అదే పదివేలు. గాలివాన మొదలైతే యూపీఎస్ కాసేపు కీచుమని అరిచి ఊరుకుంటుంది. తర్వాత బెలుం గుహల్లో నిజంగానే చీకటి.

కూలింగ్ వ్యవస్థ చూడదగ్గది. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాడు. షెడ్డులో గ్రైండర్ ఆడినప్పుడల్లా లేచే రాతిపొడి వచ్చి ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మీద బూడిద రంగులో మందంగా పేరుకుంటుంది. వాడు పాత పెయింట్ బ్రష్‌తో దులుపుతుంటాడు. ఉపాధి కల్పన: ప్రత్యక్షంగా ఒకడు, జీతం లేదు. పరోక్షంగా మా అక్క, పొద్దుపోయాక వాడి నోటికి ముద్దలు అందించే పనిలో. ఎంఓయూ కూడా అయింది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మొదటిసారి నడిపితే లేచి నిలబడదు. షరతుల ఫైల్లో ‘ఫాల్స్’ అన్నచోట ‘ట్రూ’ అని రాస్తేనే లేస్తుంది. మా వాడు రాశాడు, షరతులు చదవలేదు. పెద్ద పెద్ద ఎంఓయూలు మనమేం చదివాం కనక.

పక్కింటి పెద్దాయన మాత్రం భయపెట్టాడు. గేములకు మూడేళ్ల జైలంట, 2025 ఆగస్టులో చట్టమొచ్చిందంట అని. ఆ చట్టం డబ్బు పెట్టి ఆడించేవాళ్ల మీద పెద్దాయనా, మా వాడి దగ్గర చలామణి అయ్యేది వజ్రాలే, అవీ ఉత్తుత్తివే అన్నా నమ్మలేదు.

ఇక భద్రత. ఏ డేటా సెంటర్‌కైనా ప్రాణం అదే. గూగుల్‌కు కంచెలుంటాయి, కాపలాలుంటాయి. మాకు మా అక్క ఉంది. ఎవరొచ్చినా ‘వాని కాలేజీ పిల్లోళ్లంట’ అని లోపలికి పంపించేస్తుంది. మొదట్లో బయటివాళ్లు ఎంత ప్రయత్నించినా సర్వర్‌లోకి రాలేకపోయారు. నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు చాలా ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్‌తో సరిపెడుతున్నారని తర్వాత తెలిసింది. నెలనెలా అదనంగా కడతామంటే సొంత స్టాటిక్ ఐపీ ఇచ్చారు. డబ్బు తీసుకున్నారు, అడ్రస్ ఇచ్చారు, వెళ్లిపోయారు. రూటర్‌కు యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. అది మార్చుకోమని ఒక్కరూ అనలేదు.

‘సర్వర్‌కు తలుపెవరు తీసినార్రా?’ అని మా వాణ్ని అడిగాను.

‘నేనే తీసినా మామా. 25565 పోర్టు. తీయకుంటే ఎవరూ రాలేరు గదా.’

‘మరి వచ్చేవాడు ఎవడో ఎట్ల తెలుస్తాది?’

‘పేరు కనపడ్తాది.’

పేరు కనబడుతుంది, నిజమే. కానీ స్నేహితుల్లో సగంమంది దగ్గర కొన్న గేమ్ లేదు. వాళ్లకోసం మా వాడు ‘ఆన్‌లైన్ మోడ్’ ఆపేశాడు. అది ఆపితే వచ్చినవాడు చెప్పిందే పేరు, సరిచూసేవాళ్లుండరు. పిలిచినవాళ్లనే రానిచ్చే వైట్‌లిస్ట్ మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేయాలి, చేయలేదు. ఒకరోజు ఎవడో మా వాడి పేరు పెట్టుకునే లోపలికొచ్చాడు. పేరు యజమానిది కాబట్టి సర్వాధికారాలూ వాడివే. పిల్లలు నెలల తరబడి తవ్విన బెలుం గుహల్ని టీఎన్‌టీ పెట్టి లేపేశాడు. అలా చాలాకాలం తర్వాత ఆళ్లగడ్డలో మళ్లీ బాంబులు పేలాయి. సినిమావాళ్లు గమనించలేదు కాబోలు, ఇంకా పాత ఫ్యాక్షన్ కథలే తీస్తున్నారు.

సినిమాల్లో మామీదికి సుమోలొస్తాయి. ఇప్పుడొచ్చేవి వేరు. 2016లో అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు మిరాయ్ అనే మాల్‌వేర్‌తో ఊరూరా ఉన్న సీసీ కెమెరాలను, రూటర్లను లొంగదీసుకుని దండు కట్టారు. ఎలా లొంగాయి? కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు కాబట్టి. ఆ కుర్రాళ్లకు ప్రధాన లక్ష్యాల్లో ఒకటి మైన్‌క్రాఫ్ట్ సర్వర్లే. వాటిని పడగొట్టే పనిలో తయారైన ఆ ఆయుధమే చేతులు మారి ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ కూడా చాలామందికి తెరుచుకోలేదు. 2017లో ముగ్గురూ నేరం ఒప్పుకున్నారు. మా బావ ఇంటి రూటర్ ఆ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో నేటికీ అలాంటి దండులో చేరడానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

అంతకన్నా భయంకరమైంది 2021 డిసెంబరులో బయటపడింది. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క వరస టైప్ చేస్తే చాలు, సర్వర్ నడుస్తున్న కంప్యూటర్ మొత్తం అవతలివాడి చేతికి పోయేది. లాగ్‌ఫోర్‌షెల్ అన్నారు దాన్ని. కొత్త వెర్షన్‌లో సరిచేశారు. మా వాడు నడిపేది పాతదే, స్నేహితుల ల్యాప్‌టాప్‌లు కొత్తది మోయలేవని. ఆ కంప్యూటర్లో ఏముందో తెలుసా? మా బావ జీఎస్‌టీ లాగిన్, బ్యాంకు పాస్‌వర్డు, ఇంటిల్లిపాది ఆధార్ స్కాన్లు, గుళ్ల కమిటీలు పంపిన విగ్రహాల కొలతలు. గుహలు పోతే మళ్లీ తవ్వుకుంటారు. అవి పోతే?

డేటా సెంటర్లు సైబర్ ప్రమాదాన్ని గమనించిన ఆరు గంటల్లోపు తమకు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. మేమూ డేటా సెంటరే కాబట్టి తెలియజేద్దామనుకున్నాం. అందులో ఫ్యాక్స్ నంబరు కూడా ఇచ్చారు. ఆళ్లగడ్డలో ఫ్యాక్స్ మిషను ఎక్కడుందో కనుక్కునేసరికి ఆరు గంటలూ గడిచేలా ఉన్నాయి.

ఎవరికి చెప్పాలి అసలు? పదిహేడేళ్ల పిల్లోడు ఎవరి సాయమూ లేకుండా సర్వర్ నిలబెట్టాడు. ఐపీ అంటే ఏమిటో, పోర్టు అంటే ఏమిటో రాత్రిళ్లు కూర్చుని సొంతంగా నేర్చుకున్నాడు. విశాఖలో రేపు మీరు చూపించే ఉద్యోగాలకు కావలసింది అదే చదువు. రెండేళ్లుగా లక్షలు కట్టించుకున్న కాలేజీ వాడికి ఎంట్రన్సు బిట్లు తప్ప అందులో ఒక్క ముక్క చెప్పలేదు. పైగా ఫోన్ చేసి ‘మీవాడు గేములాడి చెడిపోతున్నాడు’ అంది. సైబర్ భద్రత అంటే ఓటీపీ చెప్పొద్దనే ఫ్లెక్సీ, దానిమీద నాయకుల ఫొటోలు. వాడు తలుపు తీయడం నేర్చుకున్నాడు, ఎప్పుడు మూయాలో చెప్పే మనిషి ఈ జిల్లాలో వాడికి దొరకలేదు. బయటి కంపెనీ సర్వర్‌కు భూమి, నీళ్లు, కరెంటు, రాయితీ అన్నీ ఉన్నాయి, మన పిల్లోడి సర్వర్‌కు ఒక్క మాస్టారు లేడు. మా మంట ఇదీ. దీనిమీద చమత్కారాలు మాకు వద్దు.

లోకేశ్ గారూ, ఐటీ శాఖా మీదే, విద్యాశాఖా మీదే. ఒక ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి జరిపితే చాలు. ప్రతి జూనియర్ కాలేజీలో ఈ పని తెలిసిన ఒక్క మనిషిని పెట్టండి. రూటర్ బిగించే ప్రతివాడూ పాస్‌వర్డ్ మార్చించాకే గడప దాటాలని షరతు పెట్టించండి. మా 99 పైసల భూమి మీరే ఉంచుకోండి.

ఆలోగా, ఇంట్లో సర్వర్ పెట్టిన పిల్లలూ, నాన్న లెక్కలున్న కంప్యూటర్లో దాన్ని నడపొద్దు. వైట్‌లిస్ట్ ఆన్ చేయండి, ఆన్‌లైన్ మోడ్ ఆపొద్దు, పాత వెర్షన్ వదిలేయండి. రూటర్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఈ రాత్రే మార్చండి.