అర అంగుళం పైపు ఆత్మకథ

తెనాలి పక్క ఊళ్లో ఒక రైతు ట్రాక్టరుకు తగిలించిన ట్రాలీ కింద, జాకీకి నూనె మోసే రబ్బరు పైపు ఇది. తన కథ తానే చెప్పుకుంటోంది గానీ ‘నేను’ అనడం దీనికి అలవాటు లేదు. మెకానిక్కులు, డ్రైవర్లు ‘ఈ పైపు’ అంటారు కాబట్టి తనను తాను కూడా అలాగే అనుకుంటుంది.

పైకి నల్లటి రబ్బరే కనిపిస్తుంది. కోసి చూస్తే సంగతి వేరు. అన్నిటికన్నా లోపల నూనెకు చెడిపోని నైట్రైల్ రబ్బరు గొట్టం, దాని మీద సన్నటి ఉక్కు తీగ అల్లిక, పల్చటి రబ్బరు పొర, మళ్లీ తీగ అల్లిక, ఆ పైన ఎండకూ రాపిడికీ ఓర్చుకునే తొడుగు. తొడుగు పొడవునా ఒక గీతలా అక్షరాలు అచ్చువేసి ఉంటాయి: 2ఎస్ఎన్, అర అంగుళం, 275 బార్, తయారైన ఏడాది. 275 బార్ అంటే ఈ పైపు రోజూ మోయదగిన ఒత్తిడి. పగిలే ఒత్తిడి అందుకు నాలుగింతలు ఉండాలని ప్రమాణం. ట్రాక్టరు పంపు ఇచ్చేది మామూలుగా 200 బార్ లోపే. అందుకే మంచి పైపు నడుమ తెగడం అరుదు. తంటా అంతా చివర్లలోనే, ఇనుమూ ఇనుమూ కలిసే చోటే.

విజయవాడ ఆటోనగర్‌లో పెద్ద చుట్ట నుంచి కోసి, రెండు చివర్లా ఇనుప నిపుళ్లు దూర్చి, పైన వేసిన ఉక్కు తొడుగును మిషన్‌లో నొక్కారు. ఆ నొక్కుడుతో తీగ అల్లికా, రబ్బరూ, నిపులూ ఒక్కటైపోతాయి. కోసినప్పుడు లోపల పడిన రబ్బరు పొడిని గాలి కొట్టి ఊడ్చారు. ఆ ఊడ్చడం మానేస్తే పొడి నూనెతో కలిసి వాల్వుల దాకా వెళుతుంది.

ఈ పైపు చేసే పని ఎంత పెద్దదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. జాకీ పిస్టన్ అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 150 బార్ నూనె దాని మీద పనిచేస్తే పుట్టే బలం సుమారు 12 టన్నులు. మట్టితో నిండిన ట్రాలీ తొట్టి లేవడం వెనక ఉన్నది ఇదే. ఆ నూనెంతా అర అంగుళం సందులోంచే నడిచి వెళ్లాలి.

ద్రవం ఒత్తిడితో బరువులెత్తే యంత్రం ఎంత పాతదో, కారడం కూడా అంతే పాతది. 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఒత్తిడి పెంచితే పిస్టన్ చుట్టూ నీరు చిమ్మేది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లీ తోలుతో గిన్నె ఆకారపు వాషర్ చేసిపెట్టాడని యంత్రాల చరిత్ర చెబుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలు అంచు గోడకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. తర్వాత ఆ మాడ్‌స్లీ షాపులోనే పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక కొలత పెట్టాడు: మర పంటి కోణం 55 డిగ్రీలు. అమెరికాలో ఫిలడెల్ఫియా వాడు విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు అన్నాడు. బ్రిటిష్ పైపు మర ఒక దారి, అమెరికా పైపు మర ఇంకో దారి అయ్యాయి.

ఆ 5 డిగ్రీల తేడా తెనాలి పక్క ఊళ్లో ఒక ట్రాక్టరు వెనక నూనె కారేలా చేసింది.

జరిగింది ఇదీ. ఈ పైపు చివర ఉన్నది బ్రిటిష్ మర నట్టు. ట్రాక్టరు వైపు ఉన్న నిపుల్ అరిగితే డ్రైవరు బజారులో ఇంకోటి తెచ్చాడు. అది అమెరికా మరది. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందుకే కంటికి తేడా తెలియదు, కొన్ని చుట్లు చక్కగా ఎక్కుతుంది కూడా. తర్వాత బిగుసుకుపోతుంది. బిగిసింది కదా అని డ్రైవరు వదిలేశాడు. తొట్టి లేపగానే నట్టు చుట్టూ నూనె ఉబికింది. తెల్ల టేపు చుట్టాడు, తగ్గలేదు. పానాకు గొట్టం తొడిగి బలంకొద్దీ తిప్పాడు. అప్పుడూ కారింది.

టేపు మీద ఈ పైపుకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇలాంటి జాయింటులో నూనెను ఆపేది మరలు కాదు. నట్టు లోపల కోను ఆకారపు సీటు మీద ఇంకో కోను నొక్కుకుని కూర్చుంటుంది, నూనె ఆగేది అక్కడే. మరల పని ఆ రెంటినీ దగ్గరకు లాగి పట్టుకోవడం. మరల మీద ఎన్ని చుట్లు టేపు వేసినా సీటుకు ఒరిగేది ఏమీ లేదు. పైగా దాని పీలికలు నూనెలోకి జారి వాల్వులో చిక్కుకుంటాయి. మోటారు పంపు నీళ్ల గొట్టానికి పనికొచ్చింది కదా అని దీనికీ చుడతారు.

మెకానిక్ మేస్త్రీ వచ్చేసరికి డ్రైవరు ఇంజను ఆన్‌లో పెట్టి, తొట్టి లేపి, ఎక్కడ కారుతుందో చూడడానికి చేత్తో తడమబోతున్నాడు.

“చెయ్యి తియ్యి బాబాయ్! ముందు బండి ఆపు!”

ఆ కేక వెనక ఉన్న భయం నిజమైనది. జాయింటులోనో, పైపు ఒంటి మీదో సూది మొనంత కంత ఉంటే చాలు, అందులోంచి వచ్చే నూనె కంటికి ఆనదు, కానీ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. పైన ఒక చిన్న చుక్కలాంటి గాయం, మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం నూనె కండ వెంట పాకి కణజాలాన్ని చంపుతుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేసి కడగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అలాంటి దెబ్బ తగిలితే పసుపు అద్ది ఊరుకోకూడదు. పెద్దాసుపత్రికి పోయి ‘ఒత్తిడి మీద ఉన్న నూనె చర్మంలోకి కొట్టింది’ అని స్పష్టంగా చెప్పాలి. కారే చోటు వెతకాలంటే పొడవాటి అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

మేస్త్రీ తొట్టిని కిందికి దించేసి, ఇంజను ఆపి, లివరును అటూ ఇటూ ఆడించాడు. లోపల మిగిలిన ఒత్తిడి అలా పోతుంది. అప్పుడే నట్టు మీద పానా వేశాడు. నిపుల్ ఊడదీసి, పళ్ల గేజీ పెట్టి చూపించాడు. గేజీ ఆకు పళ్లు మర గాడిలో కుదురుగా కూర్చోక సన్నటి వెలుతురు కనిపించింది. డ్రైవరు వంగి ఆ వెలుతురు చాలాసేపు చూశాడు.

సరైన నిపుల్ వచ్చింది. బిగించే ముందు టార్చి వేసి కోను మీద గీతలున్నాయేమో చూశాడు, గోటితో తడిమాడు. గీత గోటికి తగిలితే ఎంత బిగించినా అది కారుతుంది, మార్చాల్సిందే. తర్వాత చేతివేళ్లతో తిప్పగలిగినంత తిప్పి, రెండు పానాలు తీసుకున్నాడు. ఒకటి పైపు ఇనుప తలను కదలకుండా పట్టడానికి, ఇంకోటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే నట్టుతోపాటు పైపు ఒళ్లు కూడా మెలిపడుతుంది. ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ ఆ మెలి విప్పుకోవాలని చూసి నట్టును వదులు చేస్తుంది. మెలి పడిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు, తొడుగు మీది అచ్చు గీత నిటారుగా సాగిందా, పాకుడు తీగలా చుట్టుకుందా చూస్తే చాలు.

పైపును కాస్త వదులుగా వేలాడనిచ్చాడు కూడా. ఒత్తిడి ఎక్కినప్పుడు తీగ అల్లిక పైపు నూటికి నాలుగు వంతుల దాకా కురచ కావచ్చు. బిర్రుగా లాగి కడితే ఆ లాగుడంతా చివరి జాయింటు మీద పడుతుంది. అలాగని నిపుల్ దగ్గరే మడత పడకూడదు. ఈ పైపు సైజుకు 180 మిల్లీమీటర్లకన్నా చిన్న వ్యాసార్థంతో వంచవద్దని ప్రమాణం.

రెండో కారుడు, ట్రాలీ విప్పినప్పుడల్లా పైపును ఊడదీసే కప్లింగులో ఉంది. అక్కడ నూనెను ఆపేది సన్నటి రబ్బరు ఓ-రింగు. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1937లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన వస్తువు అది. ఇక్కడి రింగు గట్టిపడి ఒకవైపు బల్లపరుపుగా అణిగిపోయింది. మేస్త్రీ గాడి తుడిచి, అదే సైజు నైట్రైల్ రింగుకు హైడ్రాలిక్ నూనె పూసి కూర్చోబెట్టాడు.

అదే ట్రాక్టరు లోడరుకు ఉన్న పాత పైపు సంగతి మాత్రం వేరు. అది కారుతున్నది నట్టు దగ్గర కాదు, ఉక్కు తొడుగు అంచు కింద నుంచి. “దీనికి బిగింపు లేదు బాబాయ్, కొత్తది కొట్టించుకురావాల్సిందే,” అన్నాడు మేస్త్రీ. డ్రైవరు దాన్ని విప్పి, పొడవూ, చివర్ల తీరూ కొలతకు పనికొస్తాయని సంచిలో పెట్టుకున్నాడు.

సెకనుకు ఒక్కో బొట్టు చొప్పున కారినా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. చాలా ట్రాక్టర్లలో గేర్లకూ లిఫ్టుకూ ఒకటే నూనె కాబట్టి, ట్రాలీ దగ్గర కారినది గేరుపెట్టెలోనే తగ్గుతుంది. డిప్‌స్టిక్ తీసి చూసి, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు నూనె గీత దాకా పోశారు. మట్టి ట్రిప్పులు కొన్ని తిరిగాక మేస్త్రీ మళ్లీ వచ్చి, తొట్టి దించి బండి ఆపించి, నట్టు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డకు నూనె అంటలేదు. కప్లింగుకు దుమ్ము మూత ఇంకా కొనాలి. అప్పటిదాకా ట్రాలీ విప్పినప్పుడల్లా ఈ పైపు మూతికి పాలిథిన్ కవరు చుట్టి దారంతో కడుతున్నారు.