బాయిల పండబెడ్దామా?

రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని రాసినాయన గోదావరిఖని వచ్చి ఉండడు. ఆయన లెక్కలో గది అంటే 16, 18 డిగ్రీలు. సింగరేణి క్వార్టర్లో ఆ చల్లదనం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు మొహానికి తగిలేంతే. మే నెలలో ఇక్కడ 45 మామూలు. దసరా నాటికీ పగలు ముప్పై దాటే ఉంటుంది.

దసరా అంటే లాభాల వాటా పడే పండుగ. 2024లో కంపెనీ 33 శాతం ఇచ్చింది. ఆ వారం బొగ్గుబెల్టులో యాటలకు నిద్ర పట్టదు. అలాంటి పండుగకు హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు నాసిక్ రెడ్ వైన్ పట్టుకొచ్చాడు. మా బావ రిటైరైన కోల్‌ఫిల్లర్. సీసా తిప్పి చదివాడు.

“పన్నెండున్నర శాతమేనా? విస్కీ 42.8 ఉంటది గదరా. ఇది మందా, టానిక్కా?”

“దీన్ని నేల కింద చల్లటి అరలో పండబెట్టి దాస్తరు బాపూ.”

“నేల కిందనా? నౌకరంత ఆడనే చేసిన. చెప్పు, ఏ బాయిల పండబెడ్దాం?”

లోతుకు దిగినకొద్దీ భూమి వేడెక్కుతుందని ఆయన చెమటకు తెలుసు. పైగా అగ్గిపెట్టెనే లోపలికి పోనివ్వని చోట సీసానా!

గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూడాలన్నాడు అల్లుడు. మూడో వంతు చూసి బావ పిసినారితనం అన్నాడు. వాసనంటారా, పక్కింటి ఎండుచేపలది వచ్చింది. తాగేముందు బావ వేలు ముంచి రెండు చుక్కలు నేలమీద చిలకరించాడు. ఆ మర్యాద అల్లుడు చదివిన ఏ పుస్తకంలోనూ లేదట.

అసలు ఎంచి తాగే విద్య ఇక్కడ కొత్తదా? చలికాలం ఈతకల్లు, ఎండలు ముదిరితే తాటికల్లు. పోతుతాడా, పండుతాడా? పొద్దున దించిందా, మాపటిదా? లొట్టిలోనే పులియడం మొదలవుతుంది కాబట్టి గంటగంటకూ రుచి మారుతుంది. ఆ గంట ఏదో బావ ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. ఫ్రాన్సువాళ్లు తోటను బట్టి వైన్‌కు పేరు పెడతారు, మనవాళ్లు ఏకంగా చెట్టును బట్టే బేరమాడతారు. తాటాకు మడిచి పడితే అదే గ్లాసు. కడిగే పని లేదు, పగిలే భయం లేదు.

యాటకూరకు రెడ్ వైన్ కుదిరిందా అంటే, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాక కుదిరింది. కారం మాత్రం తగ్గించాలి, లేకపోతే వైన్ వగరు నాలుకను మరింత మండిస్తుంది. కారం తగ్గించడానికి మా అక్క ఒప్పుకోలేదు.

పండుగకు వైన్ తెచ్చే అల్లుళ్లకు ఒక్క మనవి: తిప్పితే వచ్చే మూత ఉన్న సీసా తెండి. బిరడా తీసే పనిముట్టు మా లైనులో ఎవరింట్లోనూ లేదు. ఈసారికి గరిటె కాడతో లోపలికే నెట్టాం.