పద్దెనిమిది గజాల సముద్రం

చదరపు అడుగుల దగ్గర తెలుగువాణ్ణి బోల్తా కొట్టించే మొనగాడు ఇంకా పుట్టలేదు. మా తోడల్లుడు కూకట్‌పల్లిలో ఫ్లాటు చూడబోయి, బిల్డరు ఎదుటే చెప్పులు విప్పి, హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడుగులో అడుగేసి కొలిచాడు. కార్పెట్ ఏరియా ఎంత, కామన్ ఏరియా ఎంత, లిఫ్టు గుంత ఖరీదు నా నెత్తిన ఎందుకు రుద్దుతున్నారు అని నిలదీశాడు. 2016లో రెరా చట్టం వచ్చాక ఆయన్ని పట్టుకునే వాళ్లే లేరు. బాల్కనీ కార్పెట్ ఏరియా కిందికి రాదని చట్టంలోనే ఉందంటూ ఆ బిల్డరు చేత మూడు చెరువుల నీళ్లు తాగించాడు. అదే తోడల్లుడు నిరుడు అమెరికాలో ఓడెక్కి వచ్చి, "గది భలే ముద్దుగా ఉందన్నయ్యా" అన్నాడు. ఎన్ని అడుగులయ్యా అంటే, "ఓడలో అడుగులెవరు చూస్తారు!" అన్నాడు.

ఈ ఏడు ఆ ముద్దు నాకూ దక్కింది. మా అబ్బాయి డాలస్ నుంచి అయిదు గంటలు కారు నడిపి గాల్వెస్టన్ రేవుకు తీసుకెళ్లి, మెక్సికోలో కోజుమెల్ దీవి దాకా పోయి వచ్చే ఓడెక్కించాడు. గదులు రెండు తీసుకున్నాడు. తనకూ కోడలికీ బాల్కనీ గది. నాకూ మా ఆవిడకూ, వాళ్ల పిల్లలిద్దరికీ కలిపి లోపలి గది. లోపలి గది అంటే కిటికీ లేని గది. "మీరు గదిలో ఉండేదెంతసేపు నాన్నా? పడుకోడానికేగా!" అన్నాడు.

ప్రపంచంలో ఈ ఓడలన్నీ నీళ్ల మీద కాదు, ఈ ఒక్క మాట మీద తేలుతున్నాయని నా అనుమానం. పడుకోడానికేగా! మరి డాలస్ పక్కన ఫ్రిస్కోలో వాడి ఇల్లు మూడున్నర వేల చదరపు అడుగులు. మొగుడూ పెళ్లాం పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఏడింటికొస్తారు. అక్కడ మాత్రం చేసేదేముంది, పడుకోడమేగా? సినిమా చూడ్డానికి ఓ గది, అందులో ఏడాదికి రెండు సినిమాలు. వచ్చిపోయే చుట్టాలకు ఓ గది, చుట్టాలం మేమిద్దరమే. ఆ లెక్క అడిగితే వాడికి కోపం. గది ఇరుకైతే మనిషి గదిలో నిలవడు, బయటికొస్తాడు. బయటికొస్తే దారిలో కాసినో, దాని పక్కన వాచీల కొట్టు, దాని పక్కన బారు. రేవు దాటి నడిసముద్రంలోకి వెళ్లేదాకా కాసినో, కొట్లూ తలుపులు తీయవు. తీశాక మన జేబు మూతపడదు. గది చిన్నదెందుకో తెలియాలంటే ఓడ కంపెనీ ఇచ్చే బొమ్మల పుస్తకంలో గది పేజీ చూడొద్దు, దాని గుమ్మం బయట ఏముందో చూడండి.

మా గది 160 చదరపు అడుగులు. మన భాషలో చెప్పాలంటే పద్దెనిమిది గజాలు, అదీ పూర్తిగా రాదు. మా ఊళ్లో ఆ జాగాలో కిళ్లీ కొట్టు పెడతారు, దాని ముందు ఓ బల్ల కూడా వేస్తారు. ఇక్కడ అందులోనే మంచం, సోఫా, బీరువా, బాత్రూము. మా ఆవిడ చీర మడత పెట్టాలంటే నేను మంచమెక్కాలి. నేను లాగూ తొడుక్కోవాలంటే ఆవిడ వరండాలోకి పోవాలి. స్నానానికి నిలబడితే తెర వచ్చి ఒంటికి అతుక్కుంటుంది, పెళ్లయిన కొత్తలో కూడా మేమంత దగ్గరగా లేము.

ఈ గదుల్ని ఓడలో కట్టరట. ఒడ్డున ఫ్యాక్టరీలో పైపులూ వైర్లూ బాత్రూముతో సహా డబ్బాగా బిగించి తెచ్చి, బీరువాలోకి సొరుగు తోసినట్టు ఓడలోకి తోస్తారు. పడుకున్నవాడికి తాను సొరుగులో ఉన్నట్టు తట్టకుండా ఎదురుగా నిలువుటద్దం బిగిస్తారు. ఆ అద్దంలో ఇంకో పద్దెనిమిది గజాలు కనిపిస్తాయి. గోడలు రేకువి కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు అయస్కాంతపు కొక్కేలు వెంట తెచ్చుకుని టోపీలూ తడి బట్టలూ గోడకే వేలాడదీస్తారు. మొదటి సాయంత్రం పనివాడొచ్చి కప్పులోంచి రెండు బెర్తులు కిందికి లాగాడు. ముప్ఫయ్యేళ్లు విజయవాడ, సికింద్రాబాదు మధ్య తిరిగిన మా ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "మధ్య బెర్తు లేదా నాయనా?" అని అడిగింది.

అయినా మాది నయం. ఒంటరిగా వచ్చేవాడి గతి ఇంకా బాగుంటుంది. ఇద్దరి గదిలో ఒక్కడే ఉంటే, లేని రెండోవాడి టికెట్టు కూడా చాలా ఓడల్లో వాడే కట్టాలి. అది చూసి జాలిపడి ఓ కంపెనీ 2010లో నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒంటరివాళ్ల కోసం 100 చదరపు అడుగుల చిన్న గదులు పెట్టింది. కిటికీ ఉంది. అది వరండాలోకి.

కిటికీ అంటే గుర్తొచ్చింది. ఓడ గదుల పేర్ల ముందు మన రియల్ ఎస్టేటు వెంచర్ల పేర్లు బలాదూరు. సముద్రం కనిపించే గది అంటారు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో 'దృశ్యానికి అడ్డంకి కలదు' అని ఉంటుంది. అడ్డంకి అంటే లైఫ్ బోటు. కిటికీ నిండా నారింజ రంగు పడవ వీపు. ఓడ మునిగితే తప్ప సముద్రం కనిపించదు. కిటికీ అసలే లేని గదుల్లో గోడకు నిలువెత్తు టీవీ తెర బిగించి, బయటి కెమెరాలోంచి సముద్రాన్ని చూపించి, దాన్ని బాల్కనీ అనే ఓడలూ ఉన్నాయి. ఇది ఎక్కువా? 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు లేవు, ఓడ కడుపులోకి ఉన్నాయి. మధ్యలో మొక్కలు నాటిన తోట, అవతల ఎదుటివాడి బాల్కనీ. చుట్టూ మహాసముద్రం పెట్టుకుని, డాలర్లు పోసి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఎదుటింటి వాడి బనియను చూడ్డం! అమీర్‌పేట హాస్టల్లో ఈ దర్శనం ఉచితం.

ఓడ విశాలంగా ఉందో లేదో చెప్పడానికి కంపెనీల దగ్గరో అంకె ఉంది. మా అబ్బాయికి అది కంఠతా వచ్చు. ఓడ టన్నుల్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. 2024 జనవరిలో మయామీ నుంచి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2,48,663 టన్నుల ఓడ. ఈ టన్ను బరువు కాదు. ఓడ లోపల మూసి ఉన్న జాగా ఎంతో కొలిచి, ఓ సూత్రంతో తీసే అంకె. ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలు ఎన్ని పడతాయో లెక్కేసిన రోజుల్లోంచి వచ్చిన మాట అది. సరే, భాగించండి. 5,610 మందితో భాగిస్తే మనిషికి 44 వస్తుంది, వింటుంటే హాయిగా ఉంటుంది. కానీ ఆ 5,610 అనేది గదికి ఇద్దరే అనుకున్న లెక్క. సోఫాలూ కప్పు బెర్తులూ అన్నీ నిండితే 7,600 మంది. అప్పుడు 33 కూడా రాదు. కాసినో, ఇంజను గది, కెప్టెను కూర్చునే చోటు అన్నీ ఆ టన్నుల్లోనే కలిపేశారు. మన బిల్డరు పాపం లిఫ్టు గుంతతో ఆగాడు. మా ఓడలోనూ ఇదే భాగహారం. మా మనవలిద్దరూ బిల్లులో ఉన్నారు, భాగహారంలో లేరు.

రెండో రాత్రి నిద్ర పట్టక, ఉత్సాహం కొద్దీ నేనో లెక్క వేశాను. మన కేంద్ర ప్రభుత్వం 2016లో రాష్ట్రాలకు పంపిన నమూనా జైలు మాన్యువల్ ప్రకారం, బ్యారక్‌లో పడుకునే ఖైదీ ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల జాగా ఉండాలి. అంటే 40 చదరపు అడుగులు. మా గది 160. అందులో నలుగురం. తలకు సరిగ్గా 40. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు. ఇదేదో శుభసూచకమనుకుని గాలి లెక్క కూడా తీశాను. ఖైదీకి 15.83 ఘనపు మీటర్ల గాలి ఉండాలంటుంది మాన్యువల్. మా కప్పు ఏడడుగుల ఎత్తు. మా తలకు ఎనిమిది కూడా రాలేదు. గాలి విషయంలో భారత ప్రభుత్వం దొంగను మాకు రెట్టింపు గౌరవించింది. ఒంటరి సెల్లు 8.92 చదరపు మీటర్లు, అంటే 96 అడుగులు. ఎపిక్ ఓడలో ఒంటరివాడికి నాలుగడుగులు ఎక్కువే ఇచ్చారు, కాదనను. జైళ్లలో ఈ మాన్యువల్‌ను ఎంతవరకు పాటిస్తారన్నది వేరే గొడవ, అక్కడా బెర్తుల కొరతే.

పొద్దున ఈ లెక్క చెబితే మా అబ్బాయి, "ఎంజాయ్ చెయ్యడం రాదు నాన్నా నీకు" అన్నాడు. నిజమే. కానీ నాకు మా కాలనీ వాకింగ్ బృందం గుర్తొచ్చింది. ఆంధ్రలో పేదల కోసం టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇల్లు 560. పార్కు బెంచీ మీద ఈ అంకెల మీద పెద్ద చర్చ నడిచింది. మూడొందల అడుగుల్లో సంసారమెలా చేస్తారు పాపం అన్నవాడు ఒక్కడు. చవగ్గా ఇస్తుంటే మూడొందలు చాలదా, వీళ్లకేమైనా బంగళాలు కావాలా అన్నవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురి పిల్లలు అమెరికాలోనే ఉన్నారు, నలుగురూ ఓడెక్కొచ్చారు, నలుగురూ మంచం మీద హంస ఆకారంలో మడిచిన తువ్వాలు పక్కన ఫొటో దిగారు. మూడొందల్లో సగం జాగాకు డాలర్లు కట్టి, అది ముద్దుగా ఉందన్నారు. పేదవాడి ఇరుకు ఇరుకే, మన ఇరుక్కి మాత్రం ఇంటీరియరు ఉంటుంది.

చోటు కావాలంటే దొరకదని కాదు. సూట్లున్నాయి. ఐకాన్‌లో ఓ కుటుంబానికి మూడంతస్తుల ఇల్లే ఉంది, పిల్లలు జారడానికి జారుడుబల్లతో సహా. కొన్ని ఓడల్లో సూటు జనానికి వేరే కొలను, వేరే భోజనశాల, కార్డు గీకితేనే తెరుచుకునే తలుపు. టైటానిక్ సినిమాలో మూడో తరగతి వాళ్లను గేటు వెనక ఆపితే మనం కన్నీళ్లు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ గేటును బంగారు రంగు కార్డు అంటున్నారు, కన్నీళ్లు రావడం లేదు. ఇంకో దారీ ఉంది. చక్రాల కుర్చీ తిరగడానికి వీలుగా కట్టిన గదులు మిగతావాటికన్నా విశాలంగా ఉంటాయి. కాళ్లు నిక్షేపంలా ఉన్నవాళ్లు కూడా కొందరు అవే బుక్ చేసి, నిజంగా అవసరమైనవాడికి లేకుండా చేస్తారు. వాళ్లను తిడదామనుకున్నాను గానీ, శంషాబాదు విమానాశ్రయంలో వీల్‌చైర్ల వరసలో మా ఆవిడా నేనూ కూర్చున్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సూటు వాడికీ నాకూ ఒకే కొలత దొరికే చోటు ఓడ మొత్తంలో ఒక్కటే. లైఫ్ బోటు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం అందులో ఒక్కో మనిషికి సీటు వెడల్పు 43 సెంటీమీటర్లు, మనిషి బరువు 75 కిలోలని లెక్క. మా తోడల్లుడు 98. ఆయన బోటెక్కితే పక్కవాడు ఆర్ఏసీ.

మూడో రోజు గది సర్దే కుర్రాడు మా మాటలు విని ఆగిపోయాడు. "తెలుగువారా అండి? మాది గాజువాక" అన్నాడు. మా ఆవిడ వెంటనే సోఫా మీది సూట్‌కేసు ఎత్తి నా ఒళ్లో పెట్టి, "కూర్చో నాయనా" అంది. కూర్చోకూడదండి, డ్యూటీలో ఉన్నాను అన్నాడు. వాడి గదెక్కడని అడిగాను. నీటిమట్టం కిందట. ఇద్దరట. పై బెర్తు వాడిది, కింది బెర్తు ఫిలిప్పీన్స్ కుర్రాడిది. ఒకడు నిలబడితే ఒకడు పడుకోవాలి. 2006 నాటి అంతర్జాతీయ నావికుల ఒప్పందంలో ఇలాంటి ఇద్దరి గదికి కనీసం ఏడున్నర చదరపు మీటర్లని రాశారు. అంటే 81 అడుగులు, మా గదిలో సగం. తలకు లెక్క కడితే మళ్లీ అదే 40. వాడికీ నాకూ బ్యారక్‌కూ తేడా లేదు. తేడా అల్లా నేను అయిదు రాత్రులకు డబ్బు కట్టాను, వాడు ఎనిమిది నెలలు డబ్బు తీసుకుంటాడు.

"మీ గది పెద్దదే సార్" అన్నాడు వాడు, మెచ్చుకుంటున్నట్టు. అని, రెండు తువ్వాళ్లు చకచకా మడిచి, తొండం, చెవులు తీర్చి, ఏనుగును చేసి తలగడ మీద పెట్టి నవ్వుతూ వెళ్లిపోయాడు.

రాత్రి పడుకునే వేళకు ఏనుగు సమస్య వచ్చింది. సోఫా మీద సూట్‌కేసు. బల్ల మీద మా ఆవిడ తెచ్చిన నువ్వుపొడి, కారప్పొడి సీసాలు. పై బెర్తుల్లో పిల్లలు. కింద చెప్పులు. దాన్ని విప్పెయ్యమంటే ఆవిడ ఒప్పుకోలేదు, పిల్లాడు కష్టపడి చేశాడు పాపం అంది. చేతుల్లో పట్టుకుని గది నాలుగు మూలలా తిరిగింది, అంటే ఉన్న చోటే ఓ చుట్టు తిరిగింది. తర్వాత ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు.

రాత్రి రెండింటికి లేచి, చీకట్లో గోడ తడుముకుంటూ బాత్రూము తలుపు తీసి లైటు వేశాను. కమోడు మూత మీద ఏనుగు కూర్చుని ఉంది. ముందొచ్చిన దానిలా నావైపు చూసింది.