అరకులో అరెకరం

మూడు రోజుల సెలవుకి అరకు వెళ్లొచ్చిన మా ఎదురింటాయన నాలుగో రోజు నుంచి మాదాపూర్ గాలి మీద అలిగాడు. అద్దాల బోగీలో సొరంగాలు లెక్కపెట్టిన మనిషికి ట్రాఫిక్ ఎలా ఆనుతుంది? "ఇహ అక్కడే స్థిరపడతామండీ. అరెకరం, చిన్న ఇల్లు, పొద్దున్నే మంచు, చేతిలో కాఫీ."

"స్థలం ఎవరిస్తారు? 1/70 చట్టం ఉందిగా! ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనకూడదు" అన్నాను. 1970 నుంచీ ఉన్న ముక్కే. ఆయనకి మాత్రం నిన్న తన మీద కక్షకొద్దీ తెచ్చినట్టుంది.

"మరి అన్ని రిసార్టులు ఎలా లేచాయండీ?"

"మంచు ఎక్కువ కదా, అధికారులకి కనపడవు."

వాళ్లావిడ ఆస్పత్రి సంగతి అడిగింది. పెద్దాసుపత్రి కావాలంటే విశాఖ, 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. రోడ్డు లేని కొండమీది గూడేల్లో అంబులెన్సంటే ఓ కర్ర, దానికి కట్టిన దుప్పటి, మోసే భుజాలు. డోలీ అంటారు. నిండుచూలాలైనా అందులోనే దిగాలి. (ఆ మంచుకి ఎవరూ ఫొటో తియ్యరు.)

ఆయన తన పొట్టకేసి చూసుకున్నాడు. మోసేవాళ్ల మీద జాలి వేసినట్టుంది.

ప్రస్తుతం పడగ్గదిలో ఏసీ 16 దగ్గర పెట్టి, శాలువా కప్పుకుని అరకు కాఫీ తాగుతున్నాడు.