మొహేర్ తూచిన కాటా

టెక్సస్‌లో ఎడ్వర్డ్స్ కౌంటీ, రాక్‌స్ప్రింగ్స్ ఊరు. అక్కడ ఒక మొహేర్ గోదాము వెనక, రేకుల కింద పడి ఉన్న కాటాను నేను. ప్రపంచంలో అంగోరా మేకలకు రాజధాని అని ఈ ఊరు చెప్పుకునేది. ఆ మాటలో నా ముల్లు కష్టమూ ఉంది.

నన్ను ఏ కొలిమిలో పోతపోశారో గుర్తులేదు. గుర్తున్నది బొచ్చు బస్తాల వాసన. అంగోరా మేకకు ఏడాదికి రెండు కోతలు. ఆ బొచ్చే మొహేర్. మీ గొంగడి ఉన్నిలా ముతకగా ఉండదు, పట్టులా మెరుస్తుంది. పిల్లమేకలది మరీ మెత్తన. మేక ముదిరేకొద్దీ బొచ్చూ ముదురుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో, ఆ తర్వాత కొరియా యుద్ధంలో సైనికుల బట్టలకు ఉన్ని ఎంత అవసరమో అమెరికాకు తెలిసొచ్చింది. 1954లో జాతీయ ఉన్ని చట్టం వచ్చింది. గొర్రెల ఉన్నితోపాటు మొహేర్‌నూ అందులో చేర్చారు. సగటు ధరను మద్దతు ధర దాకా లేపడానికి ఎంత శాతం కావాలో లెక్కగట్టి, ప్రతి రైతుకూ తన అమ్మకం సొమ్ము మీద అంత శాతం ఇచ్చేవారు. అది నూరు శాతమైతే, వెయ్యి డాలర్లకు అమ్మినవాడికి మరో వెయ్యి. మంచి బొచ్చుకు మంచి ధర, దాని మీద మంచి సాయం. అందుకే బస్తా దించేటప్పుడు రైతు కళ్లు నా ముల్లు మీదే ఉండేవి. నేను ఒక్క పౌను కూడా అబద్ధమాడలేదు.

కానీ నాకు ఒక బాధ ఉండేది. కోత అయిన వెంటనే చలివాన పడితే, ఒంటి మీద బొచ్చు లేని మేకలు వణికి వణికి గుంపులుగా చచ్చిపోతాయి. అలా మంద పోగొట్టుకున్న రైతు మరుసటి కోతకు ఒకే బస్తాతో వచ్చేవాడు. నలభై బస్తాల ఆసామికి నలభై బస్తాల సాయం, ఇతనికి ఒక్కదానిదే. పోయిన మేకల బొచ్చు నా మీదికి రాదు కదా! నా మీదికి రానిదానికి ఆ చట్టంలో చోటు లేదు. తూకం చీటీ మడిచి జేబులో పెట్టుకుని అతను వెళ్లిపోతుంటే, చూస్తూ ఉండటం తప్ప ఏం చేయగలిగాను?

1993లో ఆ చట్టాన్ని ఎత్తేయాలని అమెరికా కాంగ్రెస్ నిర్ణయించింది. రెండేళ్లపాటు కోతపెట్టిన సాయం ఇచ్చి ఆపేశారు. వృథా ఖర్చు అన్నవాళ్ల వాదనలో బలముంది. సైనికుల బట్టల్లోకి కృత్రిమ నూలు ఎప్పుడో వచ్చేసింది. అయినా నలభై ఏళ్లు ఒక సాయాన్ని నమ్ముకుని మందలు పెంచినవాళ్లకు రెండేళ్ల గడువు చాలదనే నేనంటాను.

మందలు అమ్ముడుపోయాయి. నన్ను మొదట దాణా బస్తాలకు వాడారు. పలక వంగింది, సరిచేయలేదు. ఒకనాడు ఇద్దరు మనుషులు ఎత్తి ఇక్కడ పడేశారు. వర్షానికి ముల్లు తుప్పుపట్టి ఒకేచోట బిగుసుకుంది. 2002లో మొహేర్‌కు పౌనుకు 4.20 డాలర్ల లెక్కన రుణసాయం వచ్చిందని విన్నాను. బస్తాలు వస్తాయని చాలా రోజులు ఎదురుచూశాను.

ఇప్పుడు ఈ పక్క పొలంలో మాంసం కోసం పెంచే బోయర్ మేకలున్నాయి. అవి వచ్చి నా స్తంభానికి వీపు రుద్దుకుంటాయి. పొట్టి వెంట్రుకలు రెండు మూడు నా అంచుకు అంటుకుంటాయి. తూచేంత ఉండవు.