మిస్ హావిషామ్ గడియారాన్ని నమ్మకండి

డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఎనిమిదో అధ్యాయంలో ఇరుక్కున్నవాళ్ళకి ఈ సలహాలు. పగలే కొవ్వొత్తులు, పచ్చబడ్డ పెళ్ళిబట్టల్లో మిస్ హావిషామ్ అనే ఆడమనిషి, ఎనిమిది నలభైకి ఆగిన గడియారాలు. అవి దేనికి ప్రతీకో రాయమని గైడ్లన్నీ చెబుతాయి. నా మాట వింటే గడియారం వైపు చూడనే చూడకండి.

మేజోడు చూడండి. ఆవిడ ఒక కాలికే బూటు ఉంది. రెండోది తొడగకుండా బల్లమీదే ఉండిపోయింది, రంగు మారిందే తప్ప అడుగు అరగలేదు. బూటు లేని కాలి పట్టుమేజోడు మాత్రం నడిచి నడిచి చివికిపోయింది. కాలం ఆగిన గదిలో మేజోడెలా చిరుగుతుంది?

తర్వాత ఆవిడ మాట పట్టుకోండి. రోజులూ వారాలూ తనకేం తెలియవంటుంది. ఆ వెంటనే ఆరు రోజులాగి మళ్ళీ రమ్మని, కథ చెప్పే కుర్రాడు పిప్‌కి చెబుతుంది. పదకొండో అధ్యాయానికి వస్తే, తన పుట్టినరోజు ఇవాళేనని కూడా తెలుసు. ఎంత పక్కా లెక్క! అందుకే జాలి కాసేపు పక్కన పెట్టి, చిట్టా తిరగేసే ఆడిటర్‌లా చదవండి.

ఇరవై రెండో అధ్యాయం ముందే తెరవొద్దు. ఆవిడ పెళ్ళికి ముస్తాబవుతుండగా వరుడి ఉత్తరం వచ్చిన నిమిషం ఆ ఎనిమిది నలభైయేనని పిప్ స్నేహితుడు హెర్బర్ట్ అక్కడ చెప్పేస్తాడు. కారణం తెలిశాక ఎవరూ గదిని సరిగ్గా చూడరు. 1860 డిసెంబరులో వారపత్రికలో సీరియల్‌గా చదవడం మొదలుపెట్టిన పాఠకులు దానికోసం వారాల తరబడి ఆగారు. మీరూ ఆగండి.

ఈలోగా ఇంట్లో గోడగడియారం సెల్లు తీసేయండి. ముళ్ళు 8.40 దగ్గర పెట్టి వారం ఉంచండి. ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారు, చేయనివ్వండి. ఎవరో ఒకరు గుట్టుగా కొత్త సెల్లు వేసేస్తారు, మీరు మళ్ళీ తీస్తారు. ముల్లు ఆపడానికి క్షణం చాలు, అది కదలకుండా చూడాలంటే రోజూ కాపలా కాయాలి. మిస్ హావిషామ్ ఏళ్ళపాటు చేసిన చాకిరీ అదే. కిటికీలు మూసి ఉంచడం, బల్ల మీద పెళ్ళికేకును అలాగే ఉంచడం, ఇదంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటేనే జరిగే పని. ఈ సంగతి ఏ గైడూ చెప్పదు.

ఇంగ్లండులో రోచెస్టర్‌లోని రెస్టొరేషన్ హౌస్ మిస్ హావిషామ్ ఇంటికి మూలమంటారు. చూడ్డానికి వెళ్ళొద్దు, శుభ్రంగా ఉన్న ఇల్లు మీకేం చెబుతుంది?

పరీక్షలో ఒక్కచోట కూడా ‘ప్రతీక’ అని రాయకండి. కేకులోకీ బయటికీ పరుగులు తీసే సాలీళ్ళ గురించి, పొయ్యి దగ్గర తచ్చాడే నల్లపురుగుల గురించి అర పేజీ రాయండి. నలభై తొమ్మిదో అధ్యాయంలో ఆవిడ బట్టలకు నిప్పంటుకుంటే పిప్ బల్లమీది గుడ్డ లాగి ఆర్పుతాడు. అప్పుడు ఆ పురుగులు నేలమీద చెల్లాచెదురుగా పరుగెడతాయి. మీ జవాబు అక్కడిదాకా రావాలి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి.